వెనక్కి చూడని వరస

పోయినవారం పిడుగుని షెడ్డులో, లేత్ మిషను పక్కన, కలశం మూత చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయి ఉండగా వదిలేశాం. ఆ పిల్లని వారం రోజులు అలా నిలబెట్టడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. అయితే మీరు నామీద కోప్పడాల్సిన పని లేదు. ఈవారం ఆ పని ఆమే చేస్తుంది, మనందరి బదులూ చేస్తుంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. పిడుగు అన్నది ఆమెకి అన్న పెట్టిన పేరు, ఊరు ఖాయం చేసిన పేరు. చెక్కని లేత్ మీద పట్టి కలశాలు చేస్తుంది. శ్మశానం గిడ్డంగిలో పాలపొడి డబ్బాల్లో, రంగు డబ్బాల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న మాజీ సైనికుల అస్థికలకి ఆ కలశాలు. మాజీ సైనికుల సంఘం వెనక తోటలో ఒక గోడ లేచింది. గోడలో వరసగా అరలు, అరలో కలశం, అర మీద పేరు చెక్కిన రాతి పలక. ఈ పనంతా నెత్తిన వేసుకున్నది సంఘం అధ్యక్షుడు మేజర్. పిడుగు తండ్రికి ప్రాణస్నేహితుడు కాబట్టి ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయ్. ఆయన ఒక్కగానొక్క కొడుకూ సైన్యంలోనే పనిచేసి పోయాడు. వరసలో మొదటి అర ఆ కొడుకుది. చివరి అర పిడుగు అన్నది.

కలశాలన్నీ ఒకే చెక్క, ఒకే కొలత, ఒకే నునుపు. పేరు పలక మీదే ఉండాలి, కలశం మీద గీత కూడా ఉండకూడదు. చావు దగ్గర కూడా హోదాలేమిటని పిడుగు పట్టుబట్టి పెట్టించిన నియమం అది. దాన్ని తప్పింది కూడా ఆమే, ఒక్కసారి. చిన్నప్పుడు అన్న కొనిచ్చిన ఎర్ర బొంగరాన్ని అడ్డంగా కోసి, పలచని బిళ్ళ చేసి, అన్న కలశం మూతకి లోపలివైపు అతికించింది. మూత తీస్తే తప్ప అది కనిపించదు. ఆ మూత ఇంకెవరు తీస్తారులే అనుకుంది.

తీశారు. మూతలు బిగుసుకుపోయినవి ఉంటే బాగుచేస్తాను పంపండి అని పిడుగు సంఘానికి కబురు చేస్తే, వ్యాను డ్రైవరు పొరపాటున వేరే గోనెసంచి దింపిపోయాడు. అందులోంచి తీసిన మొదటి కలశం మూత కింద ఎర్ర బొంగరం ఉంది. వానాకాలం ముందు, అంత జనం చూస్తుండగా, బ్యూగిల్ మోగుతుండగా గోడలోకి వెళ్ళిన కలశం అది. ఇప్పుడు ఖాళీగా ఉంది. అడుగున గాడిలో మాత్రం వేలికి అంటుకునేంత బూడిద మిగిలింది.

పిడుగు ఆ వేలిని తుడుచుకోలేదు. కలశాన్ని ఒంటికి కట్టుకున్న పని గుడ్డలో చుట్టి, లేత్ కట్టేసి, చెక్కపొట్టు అంటిన కాళ్ళతోనే బయటికి నడిచింది.

వరండాలో వదిన కుట్టుమిషను తొక్కుతోంది. వదిన సంగతి మీకు తెలిసిందే. ఊరందరిదీ ఒక దారయితే ఆవిడది ఇంకో దారి. మొగుడి కలశం గోడలో పెట్టిన రోజు ఊరంతా వచ్చింది, ఆవిడ రాలేదు. "గోడకి కొట్టడానికి ఆయనేమన్నా మేకా?" అంది. "బతికున్నప్పుడు మందులకి దిక్కులేదు. ఇప్పుడు బాకాలు ఊదుతారట. చచ్చినోడి కళ్ళు చారడేసి అని ఊరికే అన్నారా?" అని కూడా అంది. అప్పటినుంచీ వదినా ఆడపడుచూ ఒకే ఇంట్లో ఉంటూ, ఆ గోడ మాట వస్తే ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు.

"ఎక్కడికే అంత విసురుగా?" అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ.

"గోడ దగ్గరికి. అన్న దగ్గరికి."

"మీ అన్న కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు."

ఇది రోజూ ఉండే దెప్పుడే అనుకుంది పిడుగు. వదిన మొహంలోకి చూడలేదు. గేటు వెనక్కి విసిరికొట్టి వెళ్ళిపోయింది.

సంఘం హాల్లో మర్నాటి కార్యక్రమానికి రిహార్సలు జరుగుతోంది. గిడ్డంగిలోంచి ఇంకో వరస మనుషులు రేపు గోడలోకి వెళ్ళాలి. ముసలి సైనికులు ఇస్త్రీ బట్టల్లో బారుగా నిలబడి, గుడ్డ చుట్టిన ఇటుకలు రెండు అరచేతుల మీదా పెట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నారు. కలశం ఎంత బరువో ఇటుకా దాదాపు అంతే అని మేజర్ చేసిన ఏర్పాటు. మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళూ, చూపు ఆననివాళ్ళూ అందులో ఉన్నారు. అయినా ఒక్కడి ఇటుకా వణకడం లేదు.

"మెల్లగా!" అని మేజర్ అరిచాడు. "చేతిలో ఉన్నది ఇటుక కాదు, మనిషి! మనిషిని మోస్తున్నామని గుర్తుపెట్టుకోండి!"

ఆ మాట సరిగ్గా పిడుగు గుమ్మంలో కాలు పెడుతుండగా ఆమె చెవిన పడింది. అరికాలి మంట నెత్తికెక్కడానికి ఇంతకంటే ఏం కావాలి?

తిన్నగా వెళ్ళి మేజర్ ముందున్న బల్లమీద కలశం పెట్టింది. ఆయన మొహం వెలిగిపోయింది. కొత్తది అనుకున్నాడు.

"పూర్తయిందా తల్లీ? చూశారా, మా అమ్మాయి చెయ్యి పడితే చెక్కకి కూడా..."

"మూత తియ్యి బాబాయ్."

తీశాడు. "ఈ ఎర్రదేమిటి? అన్నీ ఒకేలా ఉండాలన్నది నువ్వే కదా?"

"అది మా అన్న కొనిచ్చిన బొంగరం. ఇది మా అన్న కలశం. నువ్వే దగ్గరుండి గోడలో పెట్టించావు. నా షెడ్డుకి ఖాళీగా ఎలా వచ్చిందో చెప్పు."

మేజర్ మూతని బల్లమీద బోర్లా పెట్టాడు. హాల్లో బూట్ల చప్పుడు ఆగిపోయింది. ఇటుకలు మోస్తున్నవాళ్ళు మోస్తున్నట్టే నిలబడ్డారు, దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి.

"లోపల ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం, రా."

"ఇక్కడే."

"నలుగురి ముందు ఏమిటే ఇది?"

"గోడలో పెట్టింది నలుగురి ముందే కదండీ. తీసింది కూడా నలుగురి ముందే చెప్పండి, మేజర్ గారూ."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన్ని 'మీరు' అనలేదు, 'గారు' తగిలించలేదు. బండబూతులు తిట్టినా ఆయన తట్టుకునేవాడేమో. ఆ గౌరవం మాత్రం చెంప మీద పడినట్టే పడింది.

"నేనేం దొంగతనం చెయ్యలేదు," అన్నాడు.

"దొంగతనం అని నేనన్నానా? మీరే అంటున్నారు."

ఆయన కుర్చీ వెనక పట్టుకుని, సైనికుల వంక చూడకుండా చెప్పాడు. వానలకి గోడ చెమ్మ పట్టింది. అరలు విప్పి చూస్తే చెక్క ఉబ్బి మూతలు లేచిపోయాయి, బూజు కూడా పట్టింది. కలశాలన్నీ బయటికి తీయించి, బూడిదని మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టించి, మళ్ళీ అరల్లో పెట్టించి పలకలు బిగించేశాడు. చుక్క నీరు పోదు.

"నాకెందుకు చెప్పలేదు? మైనం పట్టించి ఇచ్చేదాన్ని. గోడకి లోపల రేకు వేయించేవాళ్ళం."

"ఎలా చెప్పను? ఒక్కో కలశానికీ నువ్వెంత కష్టపడ్డావో చూసినవాణ్ణి. బూజు పట్టాయమ్మా అని ఏ నోటితో చెప్పను?"

"సరే, నోరు రాలేదు. మరి కలశాలు?"

"ఎండబెట్టించాను."

"ఎండబెట్టి?"

ఆయన గొంతు తగ్గించాడు. "గిడ్డంగిలో ఇంకా ఎంతమంది డబ్బాల్లో పడి ఉన్నారో నీకు తెలుసు. నీకున్నవి రెండు చేతులే. వాళ్ళందరికీ కలశాలు అయ్యేసరికి నేనుండను, ఈ మోసేవాళ్ళూ ఉండరు. రేపు వచ్చే కుటుంబాలకి వాళ్ళ మనిషి గౌరవంగా వెళ్ళడం కనిపించాలి కదా. కాసేపైనా కనిపించాలి కదా."

"కాసేపా! ఫొటో దిగేవాడికి స్టూడియోలో కోటు తొడిగినట్టు తొడిగి, దిగాక విప్పేసి, తర్వాతవాడికి ఇచ్చారన్నమాట. వాళ్ళు మీ కింద పనిచేసినవాళ్ళు, మేజర్ గారూ. రండి అంటే వచ్చారు, చావండి అంటే చచ్చారు. మీరు చివరికి వాళ్ళకి ఇచ్చింది అద్దెకోటా?"

వరసలోంచి బ్యూగిల్ తాత ఒక అడుగు ముందుకు వేశాడు. పిడుగు అన్నతో ఒకే దళంలో ఉన్నవాడు. ఆ కలశం గోడలోకి వెళ్తుంటే బ్యూగిల్ ఊదింది ఆయనే. ఇటుకని వంగి నేలమీద పెట్టాడు. వరసలో ఉన్నవాడు ఆర్డరు లేకుండా ఏదీ దించకూడదు. ఆయన దించాడు.

"సార్, ఒక్క మాట. కలశం అరలో పెట్టాక సెల్యూట్ చెయ్యాలి, వెనక్కి తిరగాలి, గేటు దాకా నడవాలి, మళ్ళీ తిరిగి చూడకూడదు. అంతే కదా సార్ నేర్పింది?"

"అవును."

"మేమెవ్వరం చూడలేదు సార్. మా వెనక పలకలు ఎప్పుడు బిగించారో, ఎప్పుడు విప్పారో మేం చూడలేదు. చూడకూడదన్నారు కాబట్టి చూడలేదు." "నేను ఊదింది దేనికి సార్? సంచికా?"

ముప్పై ఏళ్ళ నౌకరీలో మేజర్‌ని ఇలాంటి ప్రశ్న వేసిన సిపాయి ఇదివరకు లేడు.

"గోడ విప్పించండి," అంది పిడుగు. "నాకు మా అన్న కావాలి."

అందరూ తోటలోకి కదిలారు. తాపీమేస్త్రి రేపటి అరలకి తడి కొడుతున్నాడు. జనాన్నీ, పిడుగు చేతిలోని కలశాన్నీ చూడగానే బకెట్ దింపేసి, ఎవరూ ఏమీ అడక్కుండానే, "నాకేం తెలీదు, సార్ చెప్పినట్టు చేశాను," అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం పుస్తకాల్లోనే ఉంటుందనుకునేవాణ్ణి.

"చివరి అర విప్పు," అంది.

అతను మేజర్ వంక చూశాడు. మేజర్ తల ఊపాడు. స్క్రూలు ఒక్కొక్కటే వచ్చేశాయి. అన్న పేరున్న పలక పక్కకి తీసి, మేస్త్రి లోపలికి చెయ్యి పెట్టి ఒక పొట్లం బయటికి తీశాడు.

పొట్లమే. ఇంకో పేరుతో పిలవడం నాకు చేతకాదు. ముడతలు పడ్డ ప్లాస్టిక్ సంచి, మెడకి పురికొస, కిరాణా కొట్లో తూచి కట్టించుకున్నట్టు. పిడుగు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఏడవలేదు.

"మెల్లగా," అంది మేజర్ వంక తిరిగి, ఆయన గొంతుతోనే. "చేతిలో ఉన్నది ఇటుక కాదు, మనిషి. అదే కదా అన్నారు? ఇదిగో మీ మనిషి. పురికొస కూడా సరిగ్గా కట్టలేదు."

"ఒకసారి నాకివ్వమ్మా," అన్నాడు బ్యూగిల్ తాత. "వాడి బిళ్ళ ఇందులోనే ఉంటుంది. కళ్ళకద్దుకుంటాను."

సైనికుడి మెడలో ఉండే ఉక్కు బిళ్ళని దహనం తర్వాత బూడిదలోనే ఉంచేస్తారు. నిప్పుకి నల్లబడుతుందేగాని దానిమీద పేరు పోదు. తాత పురికొస విప్పి, రెండు వేళ్ళతో జాగ్రత్తగా బిళ్ళని పైకి తీసి, చొక్కా అంచుకి రుద్ది, కళ్ళజోడు దగ్గర పెట్టుకున్నాడు. చదివాడు. ఇంకోసారి రుద్ది మళ్ళీ చదివాడు.

"ఏమైంది తాతా?"

ఆయన నడుచుకుంటూ వెళ్ళి బిళ్ళని మేజర్ అరచేతిలో పెట్టాడు.

మేజర్ చదివాడు. తడి ఇటుకల గుట్ట మీద అలాగే కూలబడిపోయాడు, ఇస్త్రీ ప్యాంటు బురదైపోతున్నా లేవలేదు.

"ఇది మావాడిది," అన్నాడు. "నా కొడుకుది."

చివరి అరలో మొదటి అర మనిషి! ఎలా వచ్చాడు? మేస్త్రి నాలుగు కేకలు పడ్డాక చెప్పాడు. గోడలోంచి తీసిన కలశాలని హాల్లో నేలమీద వరసగా పేర్చింది మేజరే. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, తన చేతిలో వరస తప్పదన్నాడు. వాటిని సంచుల్లో కట్టి అరల్లో పెట్టింది మేస్త్రి.

పిడుగుకి అర్థమైంది. మేజర్ కలశాలని కూడా పరేడ్‌లో మనుషుల్లాగే నిలబెట్టాడు, తనకి ఎదురుగా. పరేడ్‌లో మొదటివాడు వరసకి కుడి కొసన నిలబడతాడు, ఎదురుగా చూసేవాడికి ఎడమ చేతివైపు. ముప్పై ఏళ్ళూ అలా చూసిన కంటికి ఇంకోలా పేర్చడం రాదు. మేస్త్రి పరేడ్ ఎరగడు. ఇటుక పనివాడు తన కుడిచేతి పక్కనున్నది ముందు అందుకుంటాడు. చివరివాణ్ణి మొదటివాడనుకుని ఎత్తాడు. అక్కణ్ణుంచి వరస మొత్తం తలకిందులైంది. కలశాలన్నీ ఒకేలా ఉన్నాయి మరి, ఇది ఫలానావాడిదని చెప్పే గీత ఒక్కదాని మీదా లేదు. ఆ గీత లేకుండా చేసింది తనే అన్న సంగతి కూడా పిడుగుకి తట్టింది. అది ఆమె కోపాన్ని తగ్గించలేదు, రెట్టింపు చేసింది.

"మొత్తం గోడ తప్పే," అంది. "పలక ఒకరిది, లోపల మనిషి ఒకరు. ఆ మూడో అర ముందు కూర్చుని పలక నిమురుతూ కొడుకుతో మాట్లాడుకునే ముసలమ్మ ఉంది. మీరూ చూశారు, నేనూ చూశాను. ఆవిడ ఎవరి కొడుకుతో మాట్లాడుతోందండీ ఇన్నాళ్ళూ? మీరు ఎవరి అర ముందు నిలబడి రోజూ సెల్యూట్ కొడుతున్నారు?"

"చాలు తల్లీ," అన్నాడు మేజర్. బిళ్ళని పిడికిట్లో దాచుకున్నాడు.

జాలి పడాల్సిన చోటు అది. పిడుగు పడలేదు. మీరు పడమన్నా సరే, నేనూ పడను. కొడుకుని పోగొట్టుకున్నవాడికి ఎదుటివాళ్ళ కొడుకుల విలువ ఇంకాస్త ఎక్కువ తెలియాలి.

"ఇది మీది," అని పొట్లం ఆయన ఒళ్ళో పెట్టింది. "మా అన్నని నాకివ్వండి. వరస తిరగబడితే మొదటి అరలో ఉండాలి కదా."

"అది రేపు విప్పుదాం అమ్మా," అన్నాడు మేస్త్రి గబగబా. "స్క్రూలు తుప్పు పట్టాయి."

"చివరి అర స్క్రూలకి పట్టని తుప్పు వీటికే పట్టిందా? ఇలా ఇవ్వు."

మేజర్ లేచి వచ్చి స్క్రూడ్రైవర్ తనే అందుకున్నాడు. ఆ చేతులు దాన్ని గాడిలో నిలపలేకపోయాయి. రెండుసార్లు జారి, కొడుకు పేరు మీద తెల్లటి గీత పడింది. పిడుగు ఆయన చేతిలోంచి లాక్కుంది. ఒక్కో స్క్రూ తిప్పి కింద పారేసింది. పలకని బ్యూగిల్ తాత పట్టుకున్నాడు. ఆమె కలశాన్ని చంకలో పెట్టుకుని, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

ఇసుక తగిలింది. చల్లటి సిమెంటు తగిలింది. వెనక గోడ తగిలింది.

అర ఖాళీ.

ఆమె వెనక్కి తిరిగేసరికి మేస్త్రి రెండు చేతులూ జోడించి ఉన్నాడు. "నేను ఇవ్వనన్నాను తల్లీ. ఒట్టు. మొన్న మధ్యాహ్నం సార్ లేనప్పుడు వచ్చింది. చివరి అర వంక కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా ఇక్కడికొచ్చి, ఇది విప్పు అంది. ఇది మేజర్ గారి అబ్బాయిదమ్మా, మీకెందుకు అన్నాను. 'పలక మీద పేరు చదవడం నాకూ వచ్చులే, విప్పు' అంది. సంచి తీసుకుని, బిళ్ళ చూసుకుని, కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరికన్నా చెబితే నాలుక కోస్తానంది."

"ఎవరు?" అని అరిచాడు మేజర్. "ఎవర్రా వచ్చింది?"

మేస్త్రి పిడుగు వంక చూశాడు.

"మీ వదినమ్మ," అన్నాడు.

పిడుగు చంకలో ఖాళీ కలశం అలాగే ఉంది. పొద్దున వరండాలో, సూదిలో దారం ఎక్కిస్తూ, వదిన తల ఎత్తకుండా అన్న మాట ఆమెకి అప్పుడు వినపడింది.

"మీ అన్న కోసం అంత దూరం వెళ్ళక్కర్లేదు."